పంపుకు కట్టిన ఎర్రగుడ్డ

మందు కొట్టే పంపు కొన్నప్పుడు అట్టపెట్టె అడుగున ఎనిమిది మడతలు పెట్టిన కాగితం ఒకటి ఉంటుంది. 'వాడే ముందు తప్పక చదవండి' అని దానిమీద పెద్ద అక్షరాలతో అచ్చయి ఉంటుంది. మీరు చదివి ఉండరు. ఎవరూ చదవరు. అలమారా అరలో పరుచుకుంటారు, లేదా ఊగే బల్ల కాలికింద పెట్టుకుంటారు. ఆ కాగితం రాసేది నేనే. పందొమ్మిదేళ్ళుగా ఒక పంపుల కంపెనీలో నా ఉద్యోగం అదే.

నలభై ఏడేళ్ళు వచ్చేదాకా నేను ఆ పంపును చేత్తో ఒక్కసారైనా కొట్టి ఎరగను. ఈ సంగతి మా యజమానికి తెలియదు. తెలిసినా తప్పు పట్టే హక్కు ఆయనకు లేదు, ఆయనా కొట్టలేదు.

మరి రాసేవన్నీ ఎక్కడినుంచి వచ్చేవి అంటారా? మా ఆవిడ దగ్గర్నుంచి. మా మామగారు ముప్పై ఏళ్ళు పెద్ద పార్కులో తోటమాలిగా చేశారు. ఆయన వెనకాలే తిరుగుతూ పెరిగిన పిల్ల మా ఆవిడ. రాత్రి భోజనాల దగ్గర నేను మాటల్లో మాటగా అడిగేవాణ్ణి. "నాజిల్‌లో నలక అడ్డం పడితే ఏం చేస్తారు?" అని. "ఊడదీసి నీళ్ళలో నానేసి మెత్తటి బ్రష్షుతో తుడుస్తాం. నోటితో ఊదితే మందు కడుపులోకి పోదూ?" అనేది. మర్నాడు నేను ఆఫీసులో కూర్చుని, 'నాజిల్‌ను ఎట్టి పరిస్థితులలోనూ నోటితో ఊదరాదు' అని రాసేవాణ్ణి. ఆవిడ చెప్పినదానికి నేను చేర్చింది 'ఎట్టి పరిస్థితులలోనూ' ఒక్కటే. జీతం దానికే ఇచ్చేవారు.

ఇంట్లో రెండు పంపులున్నాయి. పదేళ్ళు పనిచేసినందుకు ఒకటి, పదిహేనేళ్ళు పనిచేసినందుకు ఇంకొకటి కంపెనీ కానుకగా ఇచ్చింది. రెండూ ఐదు లీటర్లవే. రెండూ నీలం రంగే. పెరట్లో బండల సందుల్లో మొలిచే గడ్డికి కలుపు మందు కొట్టడానికి ఒకటి, మేడమీద మొక్కలకు సబ్బునీళ్ళు కొట్టడానికి ఒకటి. గడ్డిని చంపే మందు చుక్క తగిలినా మొక్క బతకదు కాబట్టి, కలుపు పంపు పిడికి మా ఆవిడ తన పాత జాకెట్టు చింపి ఎర్రగుడ్డ ముక్క కట్టింది. అది మెట్లకింద గూట్లో తాళంలో ఉంటుంది. రెండోది మేడమీద నీళ్ళ ట్యాంకు పక్కన ఉంటుంది. గుడ్డ ఉన్నది కిందకి, లేనిది పైకి. ఇందులో పొరపాటు పడటానికి చదువుకున్నవాడై ఉండాలి.

ఇప్పుడు మొక్కల సంగతి చెప్పాలి. మూడేళ్ళ కిందట మా అత్తగారు పెద్దాస్పత్రిలో నెలరోజులు ఉండి, అక్కడే పోయారు. ఆవిడ మంచం కిటికీ పక్కనే. కిటికీలోంచి చూస్తే బోసి నేల, దాని వెనక సిమెంటు గోడ. "చూడ్డానికి ఒక్క ఆకు కూడా లేదే అమ్మాయ్" అని ఆవిడ చివరి రోజుల్లో అన్న మాట మా ఆవిడ మనసులోంచి పోలేదు. అప్పట్నుంచి ఆ ఆస్పత్రి చుట్టూ తిరిగింది. "నేను మొక్కలు పెంచి ఇస్తాను, మీరు ఆ నేల తవ్వించండి చాలు" అని. మూడేళ్ళు ఎవరూ పట్టించుకోలేదు. చివరికి కొత్తగా వచ్చిన హెడ్ నర్సు సరేనంది. మా ఆవిడ మేడమీద నూట ఇరవై కుండీల్లో నారు పోసింది. బంతి, బిళ్ళగన్నేరు. రెండున్నర నెలలు పసిపిల్లల్ని సాకినట్టు సాకింది. సోమవారం పొద్దున బండి వచ్చి తీసుకెళ్ళాలి.

దానికి పదిహేను రోజుల ముందు, పెరట్లో కలుపు మందు కొడుతూ ఆవిడ కాలు జారి పడింది. కుడి మణికట్టు విరిగింది. కట్టు కట్టించి ఇంటికి తీసుకొచ్చాక ఆవిడ అడిగిన మొదటి మాట, "ఏమండీ, ఆ పంపులో మిగిలిన మందు తీసేసి, మూడుసార్లు కడిగారా?" అని.

"ఆఁ" అన్నాను.

కడిగిన మాట నిజమే. గొట్టంతో నీళ్ళు కొట్టి డబ్బాను తళతళలాడించాను. బయటవైపు. లోపల కూడానా అని ఆవిడ విడిగా అడగలేదు.

బండి రావాల్సిన సోమవారానికి ముందు గురువారం వచ్చింది. కొత్త కరపత్రానికి ఫొటో కావాలన్నారు యజమాని. రెండు పంపులు పక్కపక్కన పెట్టి తీస్తే నిండుగా ఉంటుందని నాకు తట్టింది. ఆఫీసుకు బయల్దేరేముందు రెండిటినీ వరండాలోకి తెచ్చి నిలబెట్టాను. అంతా బాగుంది గానీ, ఆ ఎర్రగుడ్డ ఒక్కటే పెళ్ళిఫొటోలో అప్పుడే నిద్రలేచి వచ్చిన చుట్టంలాగా ఉంది. ఊడదీసి చొక్కా జేబులో పెట్టుకున్నాను. ఫొటో అద్భుతంగా వచ్చింది. భద్రత గురించిన కరపత్రం కోసం ఇంట్లో ఉన్న ఒకే ఒక్క భద్రతా చిహ్నాన్ని పీకేశానన్న ఆలోచన నాకు ఏ కోశానా రాలేదు. ఇంతలో ఆఫీసు నుంచి ఫోను. మాట్లాడుతూనే ఒక పంపు మెట్లకింద పెట్టి తాళం వేశాను, ఒక పంపు మేడెక్కించాను. ఏది ఎక్కడ పెట్టానో చూసుకోలేదు. నా అదృష్టం ఎలాంటిదో తెలిసినవాళ్ళకు మిగతాది ఊహించడం కష్టం కాదు.

శనివారం సాయంత్రం బంతి మొక్కలకు పేనుబంక కనిపించింది. లేత కొమ్మలకు నల్లటి చీమతలకాయంత పురుగులు. ఆదివారం పొద్దున్నే సబ్బునీళ్ళు కొట్టితీరాలి. పంపు కొట్టాలంటే మంచి చెయ్యి కావాలి. ఆవిడ చెయ్యి కట్టులో ఉంది. మామగారు పక్కవీధిలోనే ఉంటారు గానీ, భుజం నొప్పితో మంచం దిగడం లేదు.

"నేనున్నానుగా" అన్నాను.

మా ఆవిడ నావంక చూసిన చూపులో నమ్మకం ఎంత ఉందో కొలవడానికి మా కంపెనీ దగ్గర పరికరం లేదు. కానీ ఆవిడకు వేరే దారి కూడా లేదు.

పొద్దున్న ఆరున్నరకు మేడెక్కాం. ఆవిడ చెప్పడం మొదలుపెట్టింది. "గాలి అటునుంచి వస్తోంది, దానికి వీపు పెట్టి నిలబడండి. ముందు మంచినీళ్ళు పోసి ఎక్కడైనా కారుతోందేమో చూడండి. అంచు చుట్టూ ఉన్న రబ్బరు పగిలిందేమో..."

"ఎవరికి చెప్తున్నావు?" అన్నాను. "ఈ కాగితం రాసింది ఎవరు?"

"సరే మీ ఇష్టం. అద్దాలు పెట్టుకోండి. నిండు చేతుల చొక్కా వేసుకున్నారా?"

వేసుకున్నాను. నాకు నిండు చేతుల చొక్కా ఒకటే ఉంది, ఆఫీసుది. గురువారం విప్పి మేకుకు తగిలించింది మళ్ళీ తొడుక్కున్నాను. చేతులకు రబ్బరు తొడుగులు, ముక్కుకు గుడ్డ. అద్దంలో చూసుకుంటే ఆపరేషన్‌కు బయల్దేరిన పెద్ద డాక్టరులా అనిపించాను. ఆవిడకు మాత్రం దొంగలా కనిపించానట.

డబ్బా మూత తిప్పి చూస్తే అడుగున గ్లాసున్నర నీళ్ళలాంటివి ఉన్నాయి. పోయినసారి మిగిలిన సబ్బునీళ్ళు కాబోలు అనుకున్నాను. 'మిగిలిన ద్రావణంపై కొత్త ద్రావణం పోయరాదు' అన్నది నా కాగితంలో తొమ్మిదో అంశం. ఆ వాక్యం నాకు చాలా ఇష్టం కూడా. దాన్ని మనసులో మెచ్చుకుంటూనే పైనుంచి సబ్బునీళ్ళు పోసి మూత బిగించాను.

పిడి పట్టుకుని కొట్టడం మొదలుపెట్టాను. మొదటి పదిసార్లు సరదాగా ఉంది. ఇరవైకి చెమటపట్టింది. ముప్పైకి పిడి బిర్రబిగుసుకుంది. మీట నొక్కితే నాజిల్ లోంచి మూడు చుక్కలు రాలి ఆగిపోయింది. నలక అడ్డం పడింది. నేను ముక్కుగుడ్డ కిందకు లాగి, నాజిల్‌ను ఎంతో సహజంగా నోటిదగ్గరకు తెచ్చుకున్నాను.

"ఏమండీ!" ఆవిడ అరిచిన అరుపుకు ట్యాంకుమీది పావురాలు లేచిపోయాయి. "ఆ నోరు తియ్యండి అక్కణ్ణుంచి! రాసినవాళ్ళే ఊదితే ఇంక చదవనివాళ్ళను ఏమనాలి?"

నాజిల్ ఊడదీసి, నీళ్ళలో ముంచి, బ్రష్షుతో తుడిచి బిగించి, ముక్కుగుడ్డ పైకి లాక్కున్నాను. ఈసారి సన్నటి తుంపర మంచులా వచ్చింది. ఆకుల పైన, ఆకుల కింద, తొందర లేకుండా కొట్టమని చెప్పి, మర్నాడు వచ్చే బండివాడికి ఫోనులో దారి చెప్పడానికి ఆవిడ కిందకు వెళ్ళింది. నేను నూట ఇరవై మొక్కలకూ కొట్టాను. ఒక్కటీ వదలలేదు. నా జన్మలో ఇంత శ్రద్ధగా చేసిన పని మరొకటి లేదని ఒట్టేసి చెప్పగలను.

పని అయింది. చెమట తుడుచుకుందామని తొడుగులు విప్పి జేబులో చెయ్యి పెట్టి రుమాలు తీశాను. రుమాలు ఎర్రగా ఉంది.

 ఆ ఎర్రగుడ్డ వంక, పంపు వంక మార్చి మార్చి చూశాను. ఇది ఆ పంపు కాదేమో. సగానికి సగం అవకాశం ఉందిగా. వాసన చూస్తే తెలిసిపోతుంది. వెంటనే ముక్కుగుడ్డ కిందకు లాగి, వంగి మూత తిప్పాను. 'మూత తీసేముందు పక్కనున్న చిన్న మీట ఎత్తి లోపలి గాలిని పూర్తిగా వదలవలెను.' నాలుగో అంశం. గట్టి అక్షరాలు. కింద గీత కూడా నేనే పెట్టించాను.

బుస్సుమని పిడితో సహా మూత ఎగిరి నా గడ్డానికి తగిలింది. లోపలున్నది ఛాతీమీదంతా చిమ్మింది. కళ్ళకు అద్దాలున్నాయి కాబట్టి ఈ కథ రాయగలుగుతున్నాను. వాసన గురించి ఇక అనుమానం లేదు. ఆ పెరటి గడ్డి మీద ఎన్నోసార్లు దూరంనుంచి పీల్చిన ఘాటు వాసనే. ఇప్పుడు నా చొక్కాలోంచి వస్తోంది.

ఇప్పుడు ఏం చెయ్యాలో నాకు తెలుసు. ఈ లోకంలో నాకంటే బాగా ఎవరికీ తెలియదు. 'పొరపాటున వేరొక మందు పడిన యెడల ఆలస్యము చేయక మొక్కలను మంచినీటితో ధారాళముగా కడగవలెను.' కుళాయి నాకు రెండడుగుల దూరంలో ఉంది. కానీ మొక్కల్ని కడిగితే నీళ్ళు తూములోంచి పెరట్లో పడతాయి. పెరట్లో మా ఆవిడ ఉంది. నీళ్ళెందుకు వస్తున్నాయని అడుగుతుంది. ముందు ఆవిడకు ఏం చెప్పాలో ఆలోచించుకుని, ఆ తర్వాత కడుగుదాం అనుకున్నాను.

సిగ్గులేకుండా చెప్తున్నాను, తడిసిన చొక్కాతో పిట్టగోడమీద కూర్చుని నేను మాటలు కూర్చుకున్నాను. 'రెండు పంపులూ ఒకేలా ఉండటం వల్ల చిన్న గందరగోళం జరిగినట్టుంది.' బాగానే ఉంది గానీ, 'చిన్న' అంటే కోపం వస్తుందేమో. 'కంపెనీ వేరువేరు రంగులు వెయ్యకపోవడం మొదటి తప్పు.' ఇది ఇంకా బాగుంది. మూడు రకాలుగా మార్చాను. ఆ మూడింట్లోనూ నేనెక్కడా లేను. ఎండ ఎక్కింది. ఆకులమీది తడి ఆరిపోతోంది. ఆరడమంటే మందు లోపలికి పోవడమే. అదీ నేను రాసిందే.

మెట్లమీద అడుగుల చప్పుడయింది. మా ఆవిడ ఎడమచేత్తో టీ గ్లాసు పట్టుకుని వచ్చింది. నా చేతిలో ఎర్రగుడ్డ చూసింది. మూత ఊడిన పంపు చూసింది. కూర్చిన మాటలన్నీ ఎటుపోయాయో నాకు తెలియదు.

"గురువారం ఫొటో కోసం ఊడదీశాను. మళ్ళీ కట్టలేదు. డబ్బా లోపల కూడా కడగలేదు. అబద్ధం చెప్పాను" అన్నాను.

ఆవిడ టీ గ్లాసు గోడమీద పెట్టింది. "ఎంతసేపయింది?"

"కొట్టడం అయిపోయి... ముప్పావుగంట."

"ముప్పావుగంట నుంచి ఏం చేస్తున్నారు?"

 ఆవిడ నా దగ్గరకు వచ్చింది. తిడుతుందనుకున్నాను. తిట్టినా బాగుండేది. నా ఛాతీమీద తడి చూసి, ఉన్న ఒక్క చేత్తో బొత్తాలు లాగడం మొదలుపెట్టింది. "ముందు చొక్కా విప్పండి. మందుతో తడిసి ఇంతసేపు కూర్చుంటారా ఎవరైనా? కుళాయి కింద కూర్చోండి. సబ్బుతో రుద్దుకోండి. కళ్ళలో పడలేదు కదా?"

"మొక్కలు..." అన్నాను.

"మొక్కలు నేను చూస్తాను. మీరు కడుక్కోండి."

 పెళ్ళయిన ఇరవై రెండేళ్ళలో నామీద నాకు అంత అసహ్యం ఎప్పుడూ వెయ్యలేదు. కట్టు మీద ప్లాస్టిక్ సంచి చుట్టుకుని, ఎడమచేత్తో గొట్టం పట్టుకుని ఆవిడ వరసలు వరసలుగా నీళ్ళు కొట్టింది. నేను ఒళ్ళు కడుక్కుని వచ్చి కుండీలు వంచి పట్టుకున్నాను. కబురు తెలిసి మామగారు భుజానికి తువ్వాలు కట్టుకుని మెట్లెక్కి వచ్చారు. అంతా విని, ఒక ఆకు తుంచి వాసన చూసి, "అల్లుడుగారూ, గుడ్డలో ఏముంది చెప్పండి! ఫొటో బాగా వచ్చిందా?" అన్నారు.

"వచ్చిందండీ" అన్నాను.

"అయితే కనీసం అదైనా దక్కింది" అని గోడకు ఆనుకుని కూర్చున్నారు. ఇంకో ఆకు తుంచి వేళ్ళతో తిప్పి చూశారు. "పదిరోజులు ఆగాలి. ఈ మందు వెంటనే కనిపించదు. ఏది బతికిందో, ఏది చచ్చిందో పదిరోజులకు గానీ తెలీదు. ఇప్పుడు ఇచ్చేస్తే మనం చచ్చిన మొక్కలు అంటగట్టామంటారు."

మా ఆవిడ ఫోను తెచ్చి నా చేతిలో పెట్టింది. "హెడ్ నర్సుగారికి చెప్పండి."

"నేనా?"

"మరి నేనా?"

చేశాను. ఆ నర్సు బదిలీ అయిపోయినా, మనసు మార్చుకున్నా మళ్ళీ ఇంకో మూడేళ్ళు తిరగాలి. అది నాకు తెలుసు. తెలిసీ, అలవాటు చొప్పున, "నమస్కారమండీ, కొన్ని అనివార్య కారణాల వల్ల..." అని మొదలుపెట్టాను.  మా ఆవిడ గోడకు ఆనుకుని కూర్చున్న వాళ్ళ నాన్నవంక చూసింది, అంతే.

"కారణాలేమీ లేవండీ" అన్నాను. "నేనే పాడుచేశాను. మా ఆవిడ పెంచిన మొక్కల మీద గడ్డిమందు కొట్టాను. పంపు కడగలేదు, గుర్తు తీసేశాను. పదిరోజులాగితే బతికినవి ఇస్తాం."



"మీరు ఏం చేస్తుంటారు?" అంది హెడ్ నర్సు.

 "పంపులు జాగ్రత్తగా ఎలా వాడాలో రాస్తుంటానండీ."

ఆ పకపక నవ్వు మా ఆవిడకు కూడా వినిపించింది. నవ్వు ఆగాక నర్సు, "పదిరోజులాగుతాం. మా దగ్గరకొచ్చేవాళ్ళకూ మేం అదే చెప్తాంలెండి, చూడాలి అని" అంది.

ఆ పదిరోజులూ ఎలా గడిచాయో చెప్పలేను. రోజూ లేవగానే మేడెక్కేవాణ్ణి. నాలుగో రోజున బంతి ఆకులు అంచుల్లో పసుపెక్కాయి. ఆరో రోజుకు ఒక వరస తలవాల్చేసింది. చచ్చిన ప్రతి కుండీనీ నేనే ఏరి పక్కన పెట్టాలని మా ఆవిడ ఆర్డరు. బిళ్ళగన్నేరు మొండిది, చాలావరకు నిలబడింది. నూట ఇరవైలో డెబ్బైనాలుగు దక్కాయి. ఆవిడ ఆ మాట విని తలూపి, "అమ్మ కిటికీ ముందుకు సరిపోతాయి" అంది. నేను ఏడ్చాను. దాచుకోవడం ఎందుకు, ఏడ్చాను.

బండి వచ్చిన రోజు ఆవిడ, మామగారు మొక్కలతోపాటు వెళ్ళారు. నన్ను తీసుకెళ్ళలేదు. పంపులు రెండూ ఇంటిదగ్గర నాకోసం ఉన్నాయి. గాలి వదిలి, మూత తీసి, నీళ్ళు పోసి ఆడించి, మీట నొక్కి గొట్టంలోంచి నాజిల్ దాకా పంపి, కడిగిన నీళ్ళు ఆ పెరటి గడ్డిమీదే కొట్టి, మళ్ళీ నీళ్ళు పోశాను. మూడుసార్లు. రబ్బరు ఉంగరానికి వాజలీను రాసి, మూతలు బిగించకుండా బోర్లించాను. గంటన్నర పట్టింది. ఈ మొత్తం పనిని పందొమ్మిదేళ్ళుగా నేను ఒకటిన్నర వాక్యంలో తేల్చేస్తున్నాను.

ఎర్రగుడ్డ నేను కట్టాల్సిన పని లేకపోయింది, కడగబోయేటప్పటికే అది కలుపు పంపు పిడికి కట్టి ఉంది. కానీ సగమే ఉంది. మిగతా సగం ఏమైందో ఆఫీసుకు తయారవుతున్నప్పుడు తెలిసింది. నాలుగుసార్లు ఉతికి మేకుకు తగిలించిన నా నిండు చేతుల చొక్కాకు, మణికట్టు బొత్తం దగ్గర, ఎడమచేత్తో వేసిన వంకర ముడితో కట్టి ఉంది. విప్పబోయి ఆగిపోయాను. అలాగే తొడుక్కుని వెళ్ళాను.

పాత ఫొటో బదులు కొత్తగా తీసిన ఫొటో యజమాని బల్లమీద పెట్టాను. ఆయన కళ్ళజోడు సవరించుకుని చూశారు.

"అంతా బాగుంది. మధ్యలో ఈ ఎర్రగుడ్డ ఏంటయ్యా అసహ్యంగా? తీసేసి ఇంకోటి తియ్యి."

"తియ్యనండి" అన్నాను. పందొమ్మిదేళ్ళలో ఆయనతో నేనా మాట అనడం అదే మొదలు.

ఆయన తలెత్తి నావంక చూసి, నా చొక్కా చేతిమీదికి చూపు తిప్పారు. "ఇదేంటి మళ్ళీ?"

"అదీ అంతేనండి. నేను లోపల కూడా కడుక్కున్నానో లేదో మా ఆవిడకు ఇంకా నమ్మకం కుదరలేదు. ఆవిడే కట్టింది."